తొమ్మిది కన్నం

పూర్ణా మార్కెట్ వెనక సందులో
దాలినాయుడు నల్లటి ఫోను నా ముందుకు తోశాడు.
"అరవై రెండుదమ్మా. అంతా అప్పటి సరుకే."

అడుగురేకుకి మూడు స్క్రూలు వదిలాయి.
నాలుగోది ఉప్పుగాలికి తుప్పెక్కి మొండికేసింది.

గంటగిన్నె లోపల బెంగుళూరు ముద్ర, అరవై నాలుగు.
డయల్ వెనక డెబ్బై ఒకటి.
రిసీవర్ మూత విప్పితే యాభై తొమ్మిది,
దాంతోపాటు ఎవరిదో పౌడరు వాసన.
తీగ మొన్నమొన్నటిది, ప్లాస్టిక్ మెలికలు.
నాటిదే అయితే గుడ్డ తొడుగుండేది.

నాయుడు బీడీ ఆర్పాడు.
"ఏటమ్మా, నా పళ్లు ఓనాటివి,
కళ్లజోడు ఓనాటిది.
అలాగని నేను నేను కాదేటి?"

నేను వేలిచక్రం చూస్తున్నాను.
మిగతా కన్నాల అంచులు ఇంకా పదునుగానే ఉన్నాయి.
తొమ్మిది మాత్రం
నాకిన సబ్బుబిళ్లలా అరిగి నున్నగా ఉంది.
నడుమ చీటీలో నీలిసిరా,
హార్బరు గేటు, నాలుగే అంకెలు.
ఈ చక్రం కంటే చీటీ పెద్దది వయసులో.
అంటే అరగదీసిన వేలు ఒక ఇంటిది,
నంబరు ఇంకో ఇంటిది.
ఈ రెండిళ్లూ ఎన్నడూ మాట్లాడుకుని ఉండవు.

తొమ్మిదిలో వేలు పెట్టి తిప్పి వదిలాను.
గిర్రుమంటూ వెనక్కొచ్చింది,
సగంలో ఓసారి తడబడి.

అరవై రెండు కాదని తేలాక
నాయుడు వంద తగ్గించాడు.

రాత్రి పుస్తకంలో రాసుకున్నాను:
గంట ఎదురుగా ఒక సంవత్సరం, డయల్ ఎదురుగా ఒకటి,
రిసీవర్‌కి ఒకటి.
అరుగుదల అని రాసి
పక్క గడి అలాగే ఉంచాను.