చిల్లర లేదు

కార్డు యాభై పైసలు.
యాభై పైసల బిళ్ళ నెల్లిమర్లలో ఎవరూ ముట్టుకోరు,
అందుకని రూపాయికి రెండిస్తాను.
ఇదంతా అక్కడ మొదలైంది,
నా కౌంటర్లో చిల్లర లేకపోవడం దగ్గర.

యుద్ధానికి నాలుగో నెల.
మూడేళ్ళు మూతపడ్డ గోనె మిల్లు తెరిచారు.
రెండు లక్షల సంచులు, చిన్న సైజు.
బియ్యానికి చాలవు, పంచదారకి పనికిరావు.
దేనికో కుట్టుఖాతా ఆడవాళ్ళకి ఎవరూ చెప్పలేదు.
మోచెయ్యి దాకా లోపల పెట్టి చూసుకుంటే తెలిసిపోయింది:
ఇసక.
చంపావతిలో ట్రాక్టర్లకెత్తే ఇసక కాదు,
మనం ఎన్నడూ తొక్కని చోటిది.

ఓవర్‌టైమ్ డబ్బుతో దాలమ్మ మనవరాలి ఫీజు కట్టింది.
సమ్మె మాట ఎవరూ ఎత్తలేదు.
ఎత్తితే నేనే వద్దనేవాణ్ణి.
ఆ మూడేళ్ళు నేను చూశాను,
మనియార్డరు వచ్చే గుమ్మాలూ, రాని గుమ్మాలూ.

ఓ సోమవారం, రూపాయి బిళ్ళ బల్ల మీద పెట్టి
"కార్డియ్యి బావూ, డిల్లీకి" అంది.
ఏం రాయమంటావు?
"సంచి కుట్టినదాన్ని నానే అని రాయి.
నా సంచి మీద తల ఆన్చి ఏ గుంటడో తొంగున్నాడు,
ఆడికి నిద్ర సాల్దు, ఇంటికి పంపీయండి అని రాయి."

రాశాను. రెండో కార్డు మిగిలింది.
అటూ ఇటూ తిప్పి చూసి
"అవతలోళ్ళకీ అదే రాసీ" అంది.
"అక్కడా కుట్టుమిల్లు ఉంటాది కదేటి."
ఆ దేశానికి టపా కట్ అని చెప్పాను.
"నువ్వు రాసీ ముందు."

మరుసటి వారం పదకొండు మంది. ఆ పై వారం అరవై.
గురువారం సంతలో, ఎండుచేపల వరస పక్కన
ఎర్నమ్మ కూతురు బల్ల వేసింది, ఇంటర్ పిల్ల,
రాయడం రానివాళ్ళకి రాసిపెట్టడానికి.
ఒకాయన నెత్తళ్ళు బేరమాడుతూనే రాయించాడు.
ఒకాయన ఉమ్మాడు.
మాజీ హవల్దారు తవిటినాయుడు బల్ల తన్నేశాడు.
ఉప్పునీళ్ళలో పడ్డ కార్డులు ఆరబెట్టుకొచ్చి ఇచ్చింది ఆ పిల్ల.
చేపల వాసనతోనే ఢిల్లీ వెళ్ళాయి, నలభై మూడు.

కానిస్టేబులొచ్చి అడిగాడు, దీని వెనక ఎవరున్నారని.
"నా ఎనకాలా? సూడు బావూ,
వరసలో నిలబడ్డోళ్ళే" అంది దాలమ్మ.

నేను ప్రభుత్వోద్యోగిని, సంతకం చెయ్యకూడదు.
ముద్ర వెయ్యడం మాత్రం నా పని.
ఇన్నేళ్ళూ నెలవంకలా సగమే పడేది,
ఎవడు చూస్తాడని.
ఇప్పుడు ప్రతి కార్డుకీ సిరా అద్ది, ఊపిరి బిగబట్టి,
ఊరి పేరూ తేదీ ఆనేలా వేస్తున్నాను.
నా ఉద్యమం అంతే. నవ్వుకోండి.

ఐదో గురువారం తవిటినాయుడు కౌంటరు దగ్గరికొచ్చాడు.
రూపాయిచ్చి ఒకటే అడిగాడు.
ఏం రాశాడో, గోడ వైపు తిరిగి రాసుకున్నాడు.
రెండోది వదిలేసి వెళ్ళాడు.
అది ఇంకా నా సొరుగులోనే ఉంది.

వార్తల్లో సంధి మాట లేదు.
ఢిల్లీ నుంచి ఒక్క జవాబూ రాలేదు.
మిల్లుకి మాత్రం ఇంకో లక్ష సంచుల ఆర్డరొచ్చింది.

నిన్న, దాలమ్మ అవతలికి రాసిన కార్డు తిరిగొచ్చింది,
ఏడు వారాలు ఏ సంచుల్లో నలిగిందో,
"సేవలు నిలిపివేయబడినవి" అన్న ఎర్ర అక్షరాలతో.
కిటికీలోంచి అందించాను.
ఎరుపు మీద వేలు పెట్టి చదివించుకుంది.
"అంటే, ఆళ్ళు సదవనేదా?"
అసలు చేరనేలేదు.
"మరి దీన్నే మళ్ళీ ఎయ్యొచ్చా?"

నిబంధన ఒప్పుకోదు.
కార్డు తిరగేశాను. కుడి పక్క, పై మూలన
ఇంకో ముద్ర పట్టేంత జాగా ఉంది.

మిల్లు సైరన్ కూసింది. బీ షిఫ్టు.
"బేగి ఎయ్యి బావూ" అంది.