అడ్డం, నిలువు

మంగళవారం పదకొండింటికి
నూట నలభై అన్నం డబ్బాలు
లిథువేనియా అడవిలోకి వెళ్ళిపోయాయి.

మ్యాపులో చూశాను.
బిర్చి చెట్లు, నడుమ ఓ సరస్సు,
ఒడ్డున గుత్తిగా మా ఎర్ర పిన్నులు.
ఇక్కడ షార్జాలో నలభై ఆరు డిగ్రీలు.
సజ్జా క్యాంపు గేటు బయట
జమరుద్ ఖాన్ వ్యాను ఇంజను ఆపకుండా
వీడియో కాల్లో నాకు ఇంకో ఫోను చూపిస్తున్నాడు:
"బాజీ, ఇందులో నీళ్ళు కనిపిస్తున్నాయి."

తప్పు నాదే.
ఫారం అక్షాంశం ముందడిగింది,
ఏడో తరగతిలో గ్లోబు తిప్పుతూ
కమలాకర్ సారు చెప్పిన వరసలోనే.
ఫ్రేమ్‌వర్కులో పాయింటుకి రేఖాంశం ముందు కావాలి.
ఇరవై ఐదు, యాభై ఐదు అని నేనిచ్చాను.
ఇరవై ఐదుని తూర్పుకి, యాభై ఐదుని ఉత్తరానికి
అది లెక్కేసుకుంది.
తొంభై దాటితే కదా అరిచేది!
నిశ్శబ్దంగా, మర్యాదగా
అందరినీ అడవికి పంపింది.

చీటీ రాసి మానిటరుకి అంటించాను:
ముందు అడ్డం, తర్వాత నిలువు.
ఆదివారం గళ్ళ నుడికట్టు నింపకుండా
కాఫీ తాగనిదాన్ని,
ఈపాటికే తట్టి ఉండాల్సింది.

అంకెలు అటుదిటు చేసి మైగ్రేషన్ నడిపాను.
ఉన్నవాటిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చడాన్ని
ఇక్కడ అలాగే అంటారు.
రెండు సెకన్లు పట్టింది.
ఎవరూ పాస్‌పోర్టు తీసి దాచుకోలేదు.

సాయంత్రం ఫోను.
"మేడమ్, రాజలింగుకు అన్నం వచ్చింది. నాకు రాలే.
ఈ జాగ ఇంకొకనిది అంటాంది."

లింబాద్రి. తొమ్మిదో బ్లాకు, పదహారో గది.
గోడల మధ్య జీపీఎస్ తడబడుతుందని
క్యాంపు ప్లాను మీద మంచం మంచానికీ
నేనే చుక్క పెట్టాను.
దశాంశం తర్వాత ఐదో అంకెకి మీటరు,
ఆరో అంకెకి ఇంచుమించు బెత్తెడు.
జానెడు పొట్టకి బెత్తెడు కచ్చితత్వం
అని ఆఫీసులో గొప్పలు కూడా పోయాను.
ఎవరైనా రెండుసార్లు నొక్కుతారేమోనని
కింద ఒక నియమం రాశాను:
ఒక చుక్కకి ఒక మనిషి.

"నీ మంచం ఎక్కడ?"
"రాజలింగు మీద," అని నవ్విండు.
"అంటే పైది మేడమ్. ఫ్యాను కాడ.
లేస్తే తల తాకుతది."
"మధ్యలో?"
"నడుమది ఇద్దరిది.
ఒకడు దిగంగనే ఒకడు ఎక్కుతడు.
ఆ పరుపు సల్లారది."

ఆకాశం నుంచి చూస్తే
ఒక మంచమే.
నలుగురు మనుషులు, ఒకే అడ్డం, ఒకే నిలువు.
నా నియమం ముందొచ్చిన రాజలింగుని ఉంచుకుని
మిగిలిన ముగ్గురినీ నకళ్ళంది.

నియమం తీసేశాను.
పట్టికలో కొత్త గడి కలిపాను. ఏం పేరు పెట్టాలో తోచక
'ఎత్తు' అని రాశాను.
ఇంకో గడి: పగలా, రాత్రా.
ఖాన్ మళ్ళీ వెళ్ళాడు. అన్నం చల్లారిపోయి ఉంటుంది,
లింబాద్రి మాత్రం "ముట్టింది" అని
ఒక్క ముక్క మెసేజ్ పెట్టాడు.

రాత్రి రోలాలో నా పార్టిషన్‌కి వచ్చి
ఊరికే యాప్ తెరిచాను.
టెస్టు కోసం మొదట నింపిన వరస నాదే,
ఈ ఇంటిదే, ఆరు అంకెలతో.
ఆ నియమం రాసిన రోజూ
ఇదే కింది మంచం మీద కూర్చుని ఉన్నాను.
పై మంచంలో షీజా,
నైటు డ్యూటీ నర్సు, అప్పుడే లేచి
జుట్టు ముడేసుకుంటోంది.
పలకల సందుల్లోంచి ఆమె మడమ కనిపిస్తోంది.

"అన్నం తిన్నావా?" అడిగాను పైకి చూసి.
రెండేళ్ళలో ఎప్పుడూ అడిగినట్టు లేను.
"లేదు," అంది. "ఏం?"