బురద ఎండాక

బురద మరకని తడి మీద రుద్దకూడదు.
ఎండనివ్వాలి. గోటితో గీరాలి. ఆ తర్వాతే నీళ్ళు.
నెత్తురైతే వెంటనే, చన్నీళ్ళలో.
గడ్డి పసరు ఒక పట్టాన పోదు,
దానికి వెనిగర్ కావాలి, ఓపిక కావాలి.
ముప్ఫై ఒక్క ఏళ్ళుగా
నాకు తెలిసిన ఫుట్‌బాల్ ఇంతే.

ఫ్రాయ్ బెంతోస్‌లో, ఉరుగ్వే నది ఒడ్డున,
మూతపడ్డ మాంసం ఫ్యాక్టరీ పొగగొట్టం నీడలో
విల్మార్ బెర్రుటి మొదటిసారి తొమ్మిదో నంబరు తొడుక్కున్న రోజు
చొక్కా మోకాళ్ళ దాకా వచ్చింది.
వాళ్ళ తాత ఆ ఫ్యాక్టరీలో
ఎముక నుంచి కండ విడదీసేవాడు.
వీడు ఇద్దరు డిఫెండర్లని అలాగే విడదీసేవాడు,
కత్తి చప్పుడు కాకుండా.

మిగతావాళ్ళ చొక్కాలు పిండితే చెమట కారేది.
వీడిది సగం పొడిగా వచ్చేది.
కొంగజపం చేస్తున్నాడని కోచ్ ఒసీరిస్ తిట్టేవాడు.
కొంగకి చేప దొరికాక
కోచ్ సహా అందరూ ఎగిరేవాళ్ళు.

ఆ ఆదివారం చలి, వాన.
మాంతెవిదేయో నుంచి ఒక టోపీ మనిషి వచ్చి
గొడుగు కింద నోటుపుస్తకం తెరిచాడు.
చివరి నిమిషంలో కార్నర్.
ఎవరు ఎవరో తెలియని గుంపు ఒక్కసారి లేచింది,
వల కదిలింది.
ఛాతీతో నెట్టాడని రేడియో అంది.
ఛాతీతోనే అని ఊరంతా అంది.
పైసాందూ గోల్‌కీపర్, హెబెర్ ఓల్మెదో, పద్దెనిమిదేళ్ళవాడు,
తన చెయ్యి తానే కొట్టుకుని చూపిస్తూ
రిఫరీ వెంట పరిగెత్తాడు.
రిఫరీ ఎర్రకార్డు తీశాడు.

సాయంత్రం తొట్టి దగ్గర ఆ పొడుగు చేతుల చొక్కా పరిచాను.
ఛాతీ మీద ఏమీ లేదు.
కుడి చేతి మీద, మోచేతికీ మణికట్టుకీ మధ్య,
బంతి కుట్లతో సహా,
గుండ్రంగా, పోస్టాఫీసు ముద్రలా, బురద.

నా నోట్లో నువ్వుగింజ నానదని మా చెల్లెలు అంటుంది.
ఇది పందొమ్మిదేళ్ళు నానింది.

వాడు వెళ్ళిపోయాడు.
ముర్సియాలో రెండో డివిజన్,
తొలూకాలో ఊపిరి అందని ఎత్తు,
లార్నకాలో ఎడమ మోకాలు,
అక్కడే మూడు నెలలు రాని జీతం.
పేపర్ ముక్కలు క్యాంటీన్ గోడకి అంటించడానికి
పిండి ఉడికించి జిగురు చేసింది నేనే.
ఫోటోల్లో ఎప్పుడూ చేతులు పైకెత్తే ఉండేవి.
నేను కుడి చెయ్యే చూసేదాన్ని.

ముప్ఫై ఆరేళ్ళకి తిరిగొచ్చాడు.
మోకాలు పాత తలుపు బందులా అరుస్తుంది.
ఒక మధ్యాహ్నం మాతే గిన్నె పట్టుకుని
ఉతికే గదిలోకి వచ్చి బకెట్ బోర్లించి కూర్చున్నాడు.

"ఆ చొక్కా నువ్వే ఉతికావు కదా, నెలీదా."
"అన్నీ నేనే ఉతికాను."
"మరి ఎందుకు చెప్పలేదు?"
"నన్ను ఎవరడిగారు?"
నవ్వాడు. తర్వాత నవ్వలేదు.

"ఆ తర్వాత నూట నలభై ఆరు కొట్టాను.
అన్నీ కాలితోనూ తలతోనూ.
ఒక్కదానికి బాకీ తీరలేదా?"
నాది చాకిరీ పద్దు, అప్పుల పద్దు కాదు.
నీళ్ళు మార్చాను.

"నిన్న పైసాందూ వెళ్ళాను," అన్నాడు కాసేపటికి.
"హెబెర్ పెట్రోలు బంకులో పనిచేస్తున్నాడు.
ట్యాంకు నింపాడు. అడక్కుండానే అద్దం తుడిచాడు.
గుర్తుపట్టాడో లేదో తెలీదు.
చిల్లర తీసుకుని వచ్చేశాను."

గిన్నెలో నీళ్ళు అయిపోయి
గొట్టం గురగురమంది.
ఓదార్చడం నాకు చేతకాదు.
"ట్యాంకు మళ్ళీ ఖాళీ అవుతుంది కదా," అన్నాను.

వాడు లేవలేదు, అవునూ అనలేదు.
బయట తీగ మీద
పిల్లల జట్టు చొక్కాలు పదకొండు,
చేతులు కిందకి వేలాడేసుకుని
గాలికి కాస్త కాస్త ఊగుతున్నాయి.