గుడ్డిగుర్రం దానా

హకొదాతేలో మార్చి. రోడ్డువారన మంచు
మాసిన దూదిలా నల్లబడి మిగిలింది.
పగలంతా సహకార సంఘంలో ఎండు స్క్విడ్ పెట్టెలు లెక్కగట్టి
రాత్రి ఇంకో పద్దు పుస్తకం తీస్తాను.
చేపల వాసన లేనిది, పెట్రోలు వాసనది.

ముప్పై ఒకటో ఏట కొన్నాను దీన్ని.
రెండు తలుపులు, రెండు సీట్లు, ఎరుపు.
అప్పటికే ఇద్దరి దగ్గర అలిగి వచ్చింది.
"షిగెనో, పెళ్ళి చేసుకో, అదే చవక" అంది మా అక్క.
గుర్రం గుడ్డిదైనా దానా తప్పదని
తనకీ తెలీదు, నాకూ తెలీదు.

దీని ఇంజనులో పిస్టన్లు ఎగిరి దూకవు.
మూడు మూలల రోటర్లు రెండు
తిరగలి తిరిగినట్టు తిరుగుతాయి.
ప్రతి మూలకీ ఓ సన్నటి లోహపు సీలు,
వేలెడంత.
అది అరిగేటప్పుడు చప్పుడు చెయ్యదు.
ఏ ఎత్తు మీదో, ఏ లారీని దాటబోతేనో
కాలి కింద బలం ఉండదు, అంతే.

నూనె తాగుతుంది. పుట్టుకే అంత.
"తాగడం మానేసిన రోజు భయపడు"
అన్నాడు మెకానిక్కు కురమిత్సు,
నాకు మొట్టమొదటి డబ్బా అమ్ముతూ.

చలిలో బాగానే లేస్తుంది.
ఉడుకు మీద ఆపామా,
చంకెక్కిన పిల్లలా దిగనంటుంది.
బంకు కుర్రాడికి అలవాటైపోయింది:
ట్యాంకు నింపాక ఇరవై నిమిషాలు
ఈ అకౌంటెంటు గోడకానుకుని
త్సుగరు జలసంధిని చూస్తుంది.
వానైతే గొడుగిస్తాడు.

పేజీలు తిప్పితే:
రేడియేటరు పక్కన ప్లాస్టిక్కు ట్యాంకు, అతుకు దగ్గర పగిలింది.
రెండు టర్బోల చుట్టూ ఎలుకతోకల్లాంటి రబ్బరు గొట్టాలు
వేడికి అప్పడాలయ్యాయి; ఒకటి మారుస్తుంటే పక్కది విరిగింది.
క్లచ్చు.
మళ్ళీ క్లచ్చు. ఈసారి తప్పు నాదే.
కుడి కిటికీ మోటారు. ఆ వేసవి గాలి కొనుక్కోలేదు.
రెండేళ్ళకోసారి సర్కారు తనిఖీ,
ప్రతి మే నెలా పన్ను, పాతబడినందుకు పైన ఇంకొంచెం,
నెరిసిన జుట్టుకి సుంకం వేసినట్టు.

ఇక ఉప్పు.
మా గోదాములో ఉప్పు చేపను ఏడాది నిలబెడుతుంది.
అదే ఉప్పు మంచు రోడ్డు మీద చల్లితే
అడుగునుంచి ఇనుమును నములుకుంటూ వస్తుంది.
తలుపు కింద గోటితో గీరితే పొట్టు రాలుతుంది.
గీరడం మానేశాను.

సంఘంలో ఒక్క యెన్ తేడా వచ్చినా
దొరికేదాకా ఇంటికి పోను.
ఈ పుస్తకంలో ఇరవై మూడేళ్ళుగా
ఏ పేజీ అడుగునా గీత గీసి కూడలేదు.

నిన్న కురమిత్సు పీడనం కొలిచాడు.
ముందు రోటరు పరవాలేదు.
వెనకదాని మూడు ముఖాల్లో ఒకదానికి ఊపిరి లేదు.
కాగితం మీద అంకె రాసి
చూపించకుండా మడిచి ఇచ్చాడు.
"సీళ్ళ పెట్టె నా దగ్గర ఒక్కటే ఉంది.
డెబ్భై మూడేళ్ళు నాకు.
దీని తర్వాత ఇంకో ఇంజను విప్పను."
అతని బొటనవేలి గోటికింద నలుపు.
అందులో కొంత నా బండిదే.

తిరిగొస్తూ రేవు దగ్గర ఆపాను,
ఆపకూడదని తెలిసీ.
ఇంకా కట్లు విప్పని స్క్విడ్ పడవలు,
వెలగని గాజుబల్బులు వరసలు వరసలుగా.
చీకటి పడుతుంటే లైటు మీట నొక్కాను.
మూతి మీద ముడుచుకున్న దీపాలు లేచాయి,
ఎడమది వెంటనే,
కుడిది కాస్త ఆలోచించి.
ఇంజను మాత్రం లేవలేదు.
చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాను.
మింగ మెతుకు లేనివాడి మీసాలకు సంపెంగ నూనెలా
దాని ఎరుపు ఎంత మెరిసిందో ఆ మసకలో.

రాత్రి రాశాను:
నూనె, అర లీటరు.
ఎదురుచూపు, ఇరవై రెండు నిమిషాలు.
ఇది ఖర్చువైపు రాయాలో జమవైపు రాయాలో
తేలక పెన్ను మూత పెట్టేశాను.

మడిచిన కాగితం మే నెల పేజీలో ఉంది.
పొద్దున్నే కురమిత్సుకి ఫోను చెయ్యాలి,
ఆ పెట్టె ఎవరికీ ఇవ్వొద్దని.