స్లీపర్

హన్మకొండ చౌరస్తల జెరాక్సు దుకాణం మీద
రేకుల గది.
సాయంత్రం అయిదింటికి స్పోకెన్ ఇంగ్లిషు.
ఇమ్మానుయేలు సారు బోర్డు మీద రాసిండు:
ఇయ్యాల్టి పాఠం, నిద్ర, కలలు.

పక్కపక్కనోళ్లు ఒకలనొకలు అడగాల్నట.
ఎన్నింటికి పండుతవ్, ఎన్నింటికి లేస్తవ్,
రాత్రి నిద్ర మంచిగ పట్టిందా?

"ఐ గో టు బెడ్ ఎట్ నైన్" అన్న నేను.
"గుడ్, ఓదేలు! ఎర్లీ స్లీపర్" అన్నడు సారు.
"పొద్దుగాల తొమ్మిది సార్."
క్లాసంత నవ్వింది.
కాజీపేట యార్డుల పాయింట్స్‌మన్ను నేను.
బెడ్డు గూడ లేదు, చాపుంది,
కిటికీకి కట్టిన పాత దుప్పటుంది,
పక్క క్వార్టర్ల తొమ్మిదింబావుకు మొదలయ్యే మిక్సీ ఉంది.
ఇవన్నీ ఏ వాక్యంల పెట్టాలె?

సారు చెప్తనే ఉన్నడు.
స్లీప్ లైక్ ఎ లాగ్. మొద్దు లెక్క పండుడు.
అగో, మొద్దునిద్ర!
మా అవ్వ తిట్టు ఇంగ్లిషోళ్లకు గూడ తెల్సు.
క్యాట్ న్యాప్ అంటే కోడికునుకట.
ఆళ్లకు పిల్లి కునుకుతది, మనకు కోడి కునుకుతది.
రెండూ ఒక్కతాన కునికితే
తెల్లారి ఒక్కటే లేస్తది.

ఒక్కటి మాత్రం సమజ్ గాలే.
మనకు నిద్ర పడ్తది,
అదే వచ్చి రెక్క పట్టుకుంటది.
ఇంగ్లిషుల మనమే నిద్రల పడాల్నట,
బాయిల పడ్డట్టు.
మనకు కల పడ్తది,
గాలికి సీతాఫలం రాలినట్టు,
ఎవరి ఒళ్లె రాల్తదో దానికే ఎరుకలేదు.
ఆళ్లేమో "ఐ హ్యాడ్ ఎ డ్రీమ్" అంటరు,
జేబుల పైసలున్నట్టు.

"స్లీపర్ అంటే?"
"పండెటోడు" అన్నరు అందరు.
"రైలు డబ్బ" అన్నడు సెల్లులు బాగుచేసే మధూకర్.
నేను నోరు మూస్కున్న.
మా తాన స్లీపరంటే
పట్టాల కింద అడ్డం పండిన సిమెంటు దిమ్మె.
గూడ్సులు, సూపర్‌ఫాస్టులు
దాని రొమ్ము మీదికెళ్లే పోతయ్.
దానికి ఆ పేరు పెట్టినోడెవడో
ఒక్క రాత్రన్న యార్డుల నిలవడ్డోడు గాదు.

అఫ్రీన్ వంతు వచ్చింది. మండీబజార్ పిల్ల,
అత్తరు దుకాణంల కూసుంటది,
ఆమె నోట్‌బుక్కు తెరిస్తే బెంచంత వాసన.
"మై ఫాదర్ కమ్స్ ఇన్ మై డ్రీమ్.
హి ఆస్క్స్ ఫర్ చాయ్."

సారు చాక్‌పీసు ఎత్తిండు.
"నిన్నటి సంగతి గదమ్మా. కేమ్ అనాలె. ఆస్క్‌డ్ అనాలె."

"నై సార్.
అబ్బా పోయి మూడేండ్లయింది.
బయట అన్నీ కేమే, అన్నీ వెంటే.
అండ్ల మటుకు వస్తడు.
చాయ్ అడుగుతడు.
నేను పొయ్యి ముట్టిచ్చేలోపల అలారం మోగుతది."

ఫ్యాను కిర్రుమంటున్నది.
సారు చాక్‌పీసు దించిండు.
బోర్డు మీద కమ్స్ అట్లనే ఉన్నది.

రాత్రి రెండున్నర. రామగుండం దిక్కుకెళ్లి బొగ్గు బండి.
పచ్చ టార్చి ఊపిన.
డబ్బలు లెక్కవెట్టుడు అలవాటు, యాభై ఎనిమిది.
ఆఖరిది పోయినంక
దిమ్మెలు ఊపిరి వదిలినట్టే అనిపించింది.
"డిడ్ యు స్లీప్ వెల్?" అని అడిగిన,
చుట్టుపక్కల ఎవ్వలు లేరు గద,
తప్పువోతే నవ్వెటోళ్లు లేరు.

పొద్దుగాల చాప పరిసిన.
ఫాల్, ఫాల్ అనుకుంట కండ్లు మూసిన. పడలే.
మిక్సీ ఆగినంక అదే వచ్చి పట్టుకున్నది.

కాజీపేట ఒకటో నంబరు ప్లాట్‌ఫారం.
తెల్లగడ్డం పెద్దమనిషి, అంగికి అత్తరు వాసన.
చాయ్ అడుగుతున్నడు,
ఏ భాషలనో యాదికి లేదు.
నా చేతుల గ్లాసున్నది. ఇచ్చిన.
మెల్లగ ఊదుకుంట తాగి
"చక్కెర తక్కువైంది బేటా" అన్నడు.

కల తొవ్వ తప్పి నా చాప మీద పడ్డట్టున్నది.
సాయంత్రం పోయి ఆ పిల్లకు చెప్పాలె.
తాగిండు అనాల్నో, తాగుతడు అనాల్నో
సారును అడుగ.
ఆమెనే అడుగుత.