ఆరో నంబరు బోర్డు

ఏడువకు పుష్పలీలా, నీళ్లు తాగు.
మ్యాచ్‌ల నుంచి తీసేసుడంటే ఉరిశిక్ష కాదు.
మ్యాగజైన్ మార్చేటప్పుడు వేలు ట్రిగ్గర్ మీదికి పోయింది,
ఉబైద్ సార్ "స్టాప్" అన్నడు, అంతే.
పోయిన రంజాన్ ముంగట
సొంత తమ్మున్ని గూడ గిట్లనే ఇంటికి తోలిండు.

వీడెవడు నాకు చెప్పేటందుకు అనుకోకు.
పదకొండేండ్ల సంది ఈ రస్ అల్ ఖైమా ఇసుకల
కాలిన గుండ్ల డొప్పలు బకెట్ల ఏరుతున్న,
అట్టబొమ్మల తూట్లకు గోధుమరంగు కాగితం అంటిస్తున్న.
మొఖాలు యాదికుండయి నాకు, తూట్లు యాదికుంటయి.
ఎడమకు, కిందికి పడ్డయంటె
చప్పుడుకు ముందే భయపడ్డరని ఎర్క.
ఒకటి నడిమిట్ల, రెండోది బొమ్మ భుజం మీద —
మొదటిదానికే మురిసిపోయిండ్రని.

వేలు. ముందుగాల వేలు.
కన్ను బొమ్మను పట్టేదాంక అది
పిస్టల్ పక్కన నిటారుగ పండాలె,
మీ సిరిసిల్లల కరెంటు పోతె
మగ్గం పెట్టెల నాడె పండుకున్నట్టు.
నడుస్తుంటె, మారుస్తుంటె, దగ్గొచ్చినా, ఈగ వాలినా.

ఇంకో రెండు నెల్లు తూటాలు కొనకు.
దవాఖానల పొద్దంత నెత్తురు సీసాలు తిప్పి తెచ్చిన జీతం
ఇసుకల పొయ్యకు.
మారిసెల్ మేడం నడిగి ఖాళీ పిస్టల్ తీస్కో.
ఖాళీనా అని చూడు. మళ్ల చూడు. వేలు పెట్టి చూడు.
తూటా అన్నది ఆ గదిలనే ఉండొద్దు.
పావు దిర్హం బిళ్ళ ముందర చూపుమొన కాడ పెట్టి
ట్రిగ్గర్ గుంజు — ఆఁ, గుంజకు, ఒత్తు,
సీతాఫలం మెత్తవడ్డదా అని చూస్తం సూడు, అట్ల.
బిళ్ళ పడితె మళ్ల.
పడకున్నా మళ్ల.
దినాం పది నిమిషాలు చాలు. పదకొండో నిమిషంల చెయ్యి అబద్ధం చెప్తది.

సామాన్ల జోలికి పోకు. ఆ ఏసీల కాంట్రాక్టరుకు
మూడు బెల్టులున్నయి, ఆరు పౌచులున్నయి,
వాటి పైసలన్ని తూట్లైతె నాకు జిగురు సరిపోకపోవు.
ఆయన బోర్డు అంటించుడు నాకు అల్కటి పని.

బజర్ మోగంగనే కొత్తోళ్లు
జాతరల తప్పిపోయిన పోరగాండ్ల లెక్క ఉరుకుతరు.
టైమర్ దుకాణం సేటు అసొంటిది, ఉన్నది రాస్తది,
దానితోని పంచాయితి పెట్టుకోకు.
ఉరికి మిగిలిచ్చిన అర సెకను
తప్పిన ఒక్క గుండు మింగుతది.
ముందుగాల వట్టి చేతులతోని నడువు:
ఏ పీపా పక్కన ఆగాలె, ఎన్ని బొమ్మలు,
ఏ అడుగుకు మ్యాగజైన్ మారాలె.
కొట్టొద్దన్న తెల్లబొమ్మలను అందరికన్న ముందు లెక్కవెట్టు.
కండ్లు మూసుకొని మళ్ల నడువు,
నలుగురు నవ్వితె నవ్వనియ్యి.

నువ్వు కాలుస్తవా అన్నా, అని నువ్వడగలె,
కానీ అడుగుదామనుకున్నవు, చూసిన.
లేదు. నా వీసా మీద క్లీనర్ అని ఉన్నది.
ఒక్కసారి ఉబైద్ సార్ పిలిచి చేతికిచ్చిండు.
ఖాళీదే. బరువు చూసిన, మూతి ఇసుక దిక్కే ఉంచి తిరిగిచ్చిన.
"వేలు మంచిగున్నది నీది," అన్నడు.
ఆ మాట ఇప్పటికి ఎవలకు చెప్పలె, ఇంటికి ఫోన్‌ల గూడ.

సరే, లే.
నిన్ను ఆపకముందు, రెండో స్టేజిల,
ఆరో నంబరు బోర్డు మీద ఒక జత పడ్డది నీది.
రెండు తూట్లు, నడుమ వడ్లగింజ పట్టేంత సందు.
అన్ని అంటించిన, అదొక్కటి మూయలె.
చూసిరా పో.
వచ్చేటప్పుడు ఆ బకెట్ ఇటు తే, ఎండెక్కుతున్నది.