ఒక పేజీలో చరిత్ర

తనిఖీ కమిటీ వాళ్లు అడిగారు:
"మీ కాలేజీ చరిత్ర ఒక్క పేజీలో రాసివ్వండి."

ఒక్క పేజీ అంటే ఎట్ల సార్?
ముషీరాబాదులో గోనెసంచుల గోదాము ఇది.
మొదటి ఎమ్మెస్సీ బ్యాచి పదకొండుమంది
తుమ్ముకుంటూనే క్వాంటం నేర్చుకున్నారు.
బోర్డు లేదు. గోడకు నల్లరంగు పూసింది
అటెండర్ మొయిన్. అది ఆరేదాకా
సుగుణాబాయి మేడం గాలిలోనే వేలితో సమీకరణం రాసింది,
తప్పు పోతే చేయి ఊపి చెరిపింది కూడా.
ఆఖరి బస్సు వెళ్లిపోతే
మిగిలిన లెక్క బస్టాపులో.

ఇప్పుడు ఏడంతస్తులు, అద్దాలు,
వేలు పెడితే తప్ప తెరుచుకోని తలుపులు.
మొయిన్ వేలిముద్ర మాత్రం మిషనుకు దొరకదు.
సుద్దముక్కలు, యాసిడ్ సీసాలు
ముప్పై ఏళ్లు అరగదీసిన వేలు.
రోజూ ఎవరో ఒక పిల్ల
తన వేలు పెట్టి ఆయన్ని లోపలికి తెస్తుంది.

ఇదే రాశాను.
ప్రిన్సిపాల్ కొట్టేసి
"విశాలమైన ప్రాంగణం" అని దిద్దారు.

సర్వర్ రూములో
పాత గోడ ఒకటి ఉండిపోయింది.
తొలకరి పడగానే
గోనె వాసన.
ఎవరో తుమ్ముతారు.
నేను తల ఎత్తకుండా
రిజిస్టరులో టిక్కు పెడతాను.